‘సర్కేడియన్’ – సంగతంతా ‘సుమారు’లోనే ఉంది

కొన్ని మాటలను శాస్త్రజ్ఞులు తమ అవసరం కోసం తయారు చేసుకుంటారు. అవి కొంతకాలం ప్రయోగశాలల్లో ఉండి, మెల్లగా బయటికి వచ్చి, డాక్టర్ల నోటా, పత్రికల్లోనూ, చివరికి బల్బుల ప్రకటనల్లోనూ తిరగడం మొదలుపెడతాయి. అలా ఊరేగుతున్న మాటల్లో ‘సర్కేడియన్’ ఒకటి. మీరూ వినే ఉంటారు. ‘సర్కేడియన్ రిథమ్’ అంటారు. రిథమ్ అంటే లయ. మరి సర్కేడియన్ అంటే?

‘రోజువారీ’ అని చాలామంది చెప్పేస్తారు. అది ముప్పాతిక మాత్రమే నిజం. మిగిలిన పాతికలోనే అసలు విషయమంతా దాక్కుని ఉంది. దాన్ని బయటికి లాగుదాం.

ముందు మాటను విడదీద్దాం. దీన్ని 1959లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసే ఫ్రాంజ్ హాల్‌బెర్గ్ రెండు లాటిన్ ముక్కలు అతికించి తయారుచేశాడు. మొదటి ముక్క ‘సర్కా’. అంటే చుట్టూ, దగ్గర దగ్గర, సుమారు. సర్కస్, సర్కిల్, సర్క్యూట్ అన్నీ దీని చుట్టాలే. మ్యూజియంలో పాత విగ్రహం కింద కచ్చితమైన సంవత్సరం తెలియనప్పుడు ‘సర్కా 1500’ అని రాసి పెడతారు. 1500 ప్రాంతంలో అన్నమాట. రెండో ముక్క ‘డియెస్’. అంటే రోజు. మీరు రాసుకునే డైరీలో ఉన్నది ఇదే. గడియారం చూసి ‘పది ఎ.ఎం., నాలుగు పి.ఎం.’ అంటామే, ఆ ‘ఎం’ అక్షరం చాటున ఉన్నదీ ఇదే. ‘మెరీడియెమ్’ అంటే మధ్యాహ్నం. ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషులోని ‘డే’కీ, ఈ ‘డియెస్’కీ పోలిక ఉన్నట్టు కనిపిస్తుంది గాని చుట్టరికం లేదట. మన ‘దివారాత్రులు’లోని ‘దివా’ మాత్రం దానికి నిజమైన దాయాది అని భాషాశాస్త్రజ్ఞులు అంటారు.

కాబట్టి సర్కేడియన్ అంటే ‘సుమారు ఒక రోజు పట్టే’ అని అర్థం. ‘ఒక రోజు పట్టే’ కాదు, ‘సుమారు ఒక రోజు పట్టే’. ఇంత పెద్ద శాస్త్రజ్ఞుడు, నిమిషాలూ సెకన్లూ కొలిచేవాడు, మాట తయారు చేసేటప్పుడు పనిగట్టుకుని ‘సుమారు’ను ఎందుకు తెచ్చిపెట్టాడు? కొలత సరిగ్గా కుదరక కాదు. కుదిరింది గనకనే.

చీకటి గదిలో అత్తిపత్తి

చింతచెట్టు ఆకులు సాయంత్రానికి ముడుచుకుని తెల్లవారేసరికి విచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. నిద్రగన్నేరు చెట్టుకు ఆ పేరే అందుకు వచ్చింది. ఇరవై మూడు శతాబ్దాల నాడు అలెగ్జాండర్ వెంట వచ్చిన ఆండ్రోస్థెనీస్ అనే నౌకాధికారి పర్షియన్ సింధుశాఖలోని ఒక దీవిలో చింతాకు ఇలా నిద్రపోవడం చూసి రాసి పెట్టాడు. అయితే ఆయనకు గాని, తరువాత రెండువేల ఏళ్ళ పాటు వచ్చినవారికి గాని ఇందులో అడగవలసిన ప్రశ్న ఉందని తోచలేదు. ఎండ వస్తే విచ్చుకుంటుంది, పోతే ముడుచుకుంటుంది. ఇందులో ఏముంది?

ఆ ప్రశ్న తోచినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు కూడా కాదు. ద మేరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1729లో ఆయన ముట్టుకుంటే ముడుచుకునే జాతి మొక్కనొకదాన్ని, మన అత్తిపత్తి లాంటిదాన్ని, వెలుతురు సోకని చోట పెట్టి చూశాడు. ఎండ లేకపోయినా పగటివేళకు ఆకులు విచ్చుకున్నాయి, రాత్రివేళకు ముడుచుకున్నాయి. మంచం పట్టిన రోగులకు గదిలో ఉండగానే రాత్రీ పగలూ తెలుస్తూ ఉంటాయి కదా, ఇదీ అలాంటిదేనా అన్న ఆలోచన కూడా ఆ నివేదికలో ఉంది. ఆయన మాత్రం తన పనుల్లో మునిగిపోయాడు. ఆయన మిత్రుడు ఆ సంగతిని పారిస్ అకాడమీకి తెలియజేశాడు.

వినగానే మీకొక అనుమానం రావాలి. గదిలో వెలుతురు రాకపోతే రాకపోవచ్చు, రాత్రి చల్లదనం వస్తుంది కదా! మొక్క దాన్ని బట్టి తెలుసుకుంటున్నదేమో? ఈ అనుమానానికి గట్టి దెబ్బ 1832లో తగిలింది. ద కాందోల్ అనే స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు అత్తిపత్తిని ఒకే రకమైన పరిస్థితిలో ఉంచి గమనిస్తే, దాని రోజు 24 గంటలు కాదని తేలింది. 22 లేక 23 గంటలకే ఒక చుట్టు పూర్తవుతోంది. అంటే నిన్న ఉదయం ఆరింటికి విచ్చుకున్న ఆకు ఈరోజు ఐదింటికే విచ్చుకుంటుంది, రేపు నాలుగింటికి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మొక్క బయటి నుంచి ఏదో రహస్య సంకేతం అందుకుంటూ ఉంటే – చల్లదనం కానివ్వండి, భూభ్రమణం కానివ్వండి – దాని లయ సరిగ్గా 24 గంటలే ఉండాలి. భూమి దగ్గర 23 గంటల లెక్క ఏదీ లేదు గదా! లెక్క తప్పింది గనకే ఆ లెక్క మొక్క సొంతమని రుజువైంది. పరీక్షలో పక్కవాణ్ణి చూసి రాసినవాడికి పక్కవాడి జవాబే వస్తుంది. వేరే జవాబు వచ్చిందంటే సొంతంగా చేశాడన్నమాట.

అందుకే ‘సుమారు’ లేకపోతే ఆ మాటకు ప్రాణం లేదు. ‘దైనిక లయ’ అని తెలుగు చేస్తే చెవికి బాగానే ఉంటుంది గాని, ఆ సాక్ష్యం కాస్తా జారిపోతుంది. ‘సుమారు దైనిక లయ’ అంటే కొంచెం ఎబ్బెట్టు. అయినా నా ఓటు దానికే.

ఏది సర్కేడియన్, ఏది కాదు?

ఇప్పుడు వాడకం చూద్దాం. ఇది విశేషణం. ‘ఎర్రని’ అని ఊరుకుంటే ‘ఎర్రని ఏమిటి?’ అని అడుగుతాం కదా. అలాగే దీనికి లయో, గడియారమో, మరేదో తోడు కావాలి. ‘నా సర్కేడియన్ పాడైంది’ అనడం ఇంగ్లీషులోనూ సరికాదు. పలికేటప్పుడు మధ్యనున్న ‘కే’ను ఒత్తి పలకాలి.

అంతకన్నా ముఖ్యం, దేనికి వాడాలన్నది. మీ బడి గంట రోజూ ఒకే వేళకు మోగుతుంది. మీ ఇంటి పడమటి గోడ రోజూ సాయంత్రం కాలిపోతూ ఉంటుంది, తెల్లవారుజాముకు చల్లబడుతుంది. వీధిదీపం చీకటి పడగానే తనంతట తాను వెలుగుతుంది. కోడి తెల్లవారకముందే కూస్తుంది. ఈ నాలుగింటిలో సర్కేడియన్ ఏది?

గంట సంగతి తేలికే, దాన్ని మనిషి కొడుతున్నాడు. గోడను చీకటి గోడౌనులోకి చేర్చగలిగితే అది ఎప్పుడూ ఒకే వేడి మీద ఉంటుంది. వీధిదీపాన్ని చీకటి గదిలో పెడితే వెలుగుతూనే ఉంటుంది. ఇవన్నీ రోజువారీ విషయాలే, కాని సర్కేడియన్ కావు. ఇక కోడి. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు కోడిపుంజులను ఎప్పుడూ ఒకే మసక వెలుతురు ఉండే గదిలో పెట్టి విన్నారు. తూర్పు తెల్లవారడమన్నది లేకపోయినా అవి వేళకు కూశాయి. ఆ వేళ కూడా 24 గంటలకు కొంచెం తక్కువలో తిరిగింది. కాబట్టి కోడికూత సర్కేడియన్.

ఈ పేరుకు అర్హత పొందాలంటే శాస్త్రజ్ఞులు మూడు పరీక్షలు పెడతారు. బయటి సంకేతాలన్నీ తీసేసినా లయ సాగాలి. మళ్ళీ వెలుతురు చూపితే దాన్ని పట్టుకుని సర్దుకోగలగాలి. మూడోది కొంచెం విచిత్రమైనది. వేడి మారినా లయ వేగం పెద్దగా మారకూడదు. మామూలు రసాయన చర్యలు పది డిగ్రీల వేడి పెరిగితే రెండింతలో మూడింతలో వేగం పుంజుకుంటాయి. మొక్కలోని గడియారం కూడా అలాగే చేస్తే మే నెల ఎండల్లో దాని రోజు పది పన్నెండు గంటలకే ముగిసిపోవాలి! అలా జరగదు. మేలోనూ డిసెంబరులోనూ దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది.

‘డయర్నల్’ అనే ఇంకో ఇంగ్లీషు మాట ఉంది. దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి. డయర్నల్ అంటే రోజూ జరిగేది అని ఒక అర్థం, పగటిపూట తిరిగేది అని ఇంకో అర్థం. గుడ్లగూబ నిశాచరి, కాకి డయర్నల్. లోపల గడియారం ఉందో లేదో ఆ మాట చెప్పదు. గోడ వేడిని డయర్నల్ అనవచ్చు, సర్కేడియన్ అనకూడదు. ‘సర్కేడియన్ బల్బు’ అన్న ప్రకటన కనిపిస్తే నవ్వుకోండి. బల్బుకు గడియారం లేదు, మనకు ఉంది.

గడియారం ఎక్కడ?

మీ రెండు కళ్ళ నుంచి వెనక్కు వెళ్ళే నరాలు మెదడు అడుగున ఒకచోట ఒకదాన్నొకటి దాటుకుంటాయి. సరిగ్గా ఆ కూడలికి పైన సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుంపు ఉంది. అదే పెద్ద గడియారమని 1972లో తెలిసింది. కాలేయంలో, గుండెలో, ఇంకా అనేక అవయవాల్లోనూ చిన్న గడియారాలున్నాయి. ఇది వాటికి నాయకత్వం వహిస్తుంది.

ఒక కణం కాలాన్ని ఎలా లెక్కపెడుతుంది? మీ డాబా మీది నీళ్ళ ట్యాంకు గుర్తు తెచ్చుకోండి. నీరు నిండేకొద్దీ బంతి పైకి తేలి కుళాయిని మూసేస్తుంది. నీరు వాడేకొద్దీ బంతి దిగి కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. కణంలో నీటికి బదులు ఒక ప్రోటీన్. జన్యువు ఆ ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. అది పేరుకునేసరికి వెళ్ళి తన జన్యువునే ఆపేస్తుంది. ఉన్నది నెమ్మదిగా నశించాక జన్యువు మళ్ళీ పని మొదలుపెడుతుంది. నిండడానికీ తగ్గడానికీ కలిపి పట్టే కాలం సుమారు ఒక రోజు. 1971లో కొనొప్కా, బెంజర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు, మీ ఇంట్లో మిగలపండిన అరటిపళ్ళ చుట్టూ మూగే చిట్టి ఈగల వంటివాటిలో మూడు వింతరకాలు పట్టుకున్నారు. ఒకరకానికి రోజు 19 గంటలు, ఇంకొకదానికి 28, మూడోదానికి లయే లేదు. మూడింటిలోనూ చెడింది ఒకే జన్యువు! ఆ దారిన వెళ్ళి యంత్రాంగాన్ని విడదీసి చూపిన హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి మాటేమిటి? 1962 జులైలో 23 ఏళ్ళ ఫ్రెంచి యువకుడు మిషెల్ సిఫ్ర్ చేతిగడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక మంచుగుహలోకి దిగాడు. రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. నిద్ర లేచినప్పుడూ, పడుకోబోయేముందూ పైవాళ్ళకు టెలిఫోన్ చేసేవాడు. వాళ్ళు మాత్రం టైము చెప్పకూడదని నియమం. సెప్టెంబర్ 14న ‘గడువు అయింది, పైకి రా’ అంటే నమ్మలేదు. తన లెక్కలో అది ఆగస్టు 20! సెకనుకొకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే దాదాపు ఐదు నిమిషాలు తీసుకున్నాడు. మనస్సు అంతగా దారి తప్పింది. కాని టెలిఫోన్ వేళలు రాసిపెట్టినవాళ్ళు కూడి చూస్తే అతని నిద్ర, మెలకువల చుట్టు సుమారు 24 గంటల 30 నిమిషాలు! మనిషి ఇరవై అయిదు రోజులు పోగొట్టుకుంటే, అతని శరీరం రోజుకు అరగంట తేడాతో లెక్క నడిపిందన్నమాట.

తరువాత 1999లో అమెరికాలో ఇంకా జాగ్రత్తగా కొలిచారు. మనుషుల సగటు 24 గంటల 11 నిమిషాలు. ఆ 11 నిమిషాల తేడాను రోజూ దిద్దేది వెలుతురు. కంటి వెనుక పొరలో బొమ్మలు చూడడానికి కాక, వెలుతురు ఎంత ఉందో కొలవడానికే ప్రత్యేకించిన కణాలున్నాయి. ఆ సంగతి 2002 ప్రాంతంలో బయటపడింది. నీలి వెలుతురంటే వాటికి మరీ చురుకు. అవి నేరుగా పెద్ద గడియారానికి కబురు పంపుతాయి. గోడగడియారాన్ని రేడియో వార్తల వేళకు సరిచేసుకునేవారు చూడండి, అలాంటిదే ఇది.

వెలుతురే కానక్కరలేదు. మదురైలో ఎం.కె. చంద్రశేఖరన్, ఆయన సహచరులు గబ్బిలాల మీద చేసిన ప్రయోగం 1981లో వెలువడింది. గుహ లోతున, పగలూ రాత్రీ తెలియని చీకట్లో ఒక గబ్బిలాన్ని పంజరంలో ఉంచారు. చుట్టూ ఉన్న గబ్బిలాలు మునిచీకటికి బయటికి ఎగిరిపోయి, తెల్లవారుజాముకు తిరిగి వస్తూంటే, పంజరంలోనిది కూడా సరిగ్గా 24 గంటల లయలో నడిచింది. తోటివి లేనిచోట ఒంటరిగా ఉంచితే లయ ఆగలేదు గాని, 24 గంటల నుంచి జారిపోవడం మొదలుపెట్టింది. సాటి గబ్బిలాల రాకపోకలే దానికి గడియారం దిద్దాయన్నమాట.

దిద్దేవారు లేకపోతే

గుహలోకి దిగకుండానే కొందరికి ఈ ‘సుమారు’ అనుభవంలోకి వస్తుంది. కంటికి వెలుతురు బొత్తిగా సోకని అంధుల్లో చాలామంది గడియారం దిద్దుబాటు లేక తన దారిన తాను పోతుంది. ఒకరి లోపలి రోజు 24 గంటల 30 నిమిషాలనుకోండి. ఈరోజు రాత్రి పదింటికి నిద్ర వస్తే రేపు పదిన్నరకు, ఎల్లుండి పదకొండుకు. లెక్క వేయండి: ఇరవైనాలుగో రోజుకల్లా ఉదయం పదింటికి నిద్ర ముంచుకొస్తుంది, తరగతిలోనో, ఆఫీసులోనో. నలభై ఎనిమిదో రోజుకు మళ్ళీ దారిలో పడినట్టు ఉంటుంది, మళ్ళీ జారుతుంది. ఇది తెలియక ఎంతమందికి ‘సోమరి’ అని పేరు పెట్టారో! అంధుల్లోనే, చూపు లేకపోయినా ఇందాక చెప్పిన వెలుతురు కొలిచే కణాలు బాగున్నవారికి ఈ బాధ లేదు.

అమెరికా నుంచి వచ్చిన బంధువులు వారం పాటు అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ తలుపు తీస్తూండడం మీలో కొందరు చూసే ఉంటారు. గడియారాన్ని రోజుకు సుమారు ఒక గంట కన్నా జరపడం కష్టం. రాత్రి పని చేసేవారి పరిస్థితి ఇంకా కష్టం. ఆస్పత్రి నర్సులు, రైల్వేవాళ్ళు, అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాదు ఆఫీసులవాళ్ళు – వీళ్ళ గడియారం ఎటూ స్థిరపడదు. సెలవు రోజున పగటివైపు, పని రోజున రాత్రివైపు లాగుతూంటుంది. లోపలి గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పని బహుశా కాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది. 2019లో మళ్ళీ పరిశీలించి, రాత్రి షిఫ్టు పనిని అదే వర్గంలో ఉంచింది.

ఇక మీ సంగతి. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఈ గడియారం సహజంగానే వెనక్కు జరుగుతుంది. చీకటి పడ్డాక రక్తంలోకి వచ్చే మెలటోనిన్ అనే హార్మోను చిన్నప్పటి కన్నా ఆలస్యంగా పెరుగుతుంది. అమ్మ తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర రాకపోవడం పూర్తిగా మీ మొండితనం కాదు. ఈ వాక్యం అమ్మకు చూపించండి. తరువాతిది కూడా చూపించాలి మరి. పొద్దుపోయాక ముఖం మీద పడే బల్బు వెలుతురు, సెల్‌ఫోన్ వెలుతురు ఆ గడియారాన్ని ఇంకా వెనక్కు నెడతాయి. పొద్దుటి ఎండ ముందుకు జరుపుతుంది.

బడి రోజుల్లో పదింటికి పడుకుని ఐదింటికి లేచే విద్యార్థి, సెలవుల్లో ఒంటి గంటకు పడుకుని ఎనిమిదింటికి లేస్తాడనుకుందాం. తేడా మూడు గంటలు. గంటకు 15 డిగ్రీల రేఖాంశం చొప్పున 45 డిగ్రీలు. హైదరాబాదు నుంచి పడమరగా అంత దూరం పోతే ఈజిప్టు ఉన్న రేఖాంశం వస్తుంది. సోమవారం ఉదయం బడికి వచ్చి కూర్చున్నది అతని పుస్తకాల సంచీ. అతని గడియారం ఇంకా ఈజిప్టులోనే ఉంది. శరీరం వేడి అన్నిటికన్నా తగ్గి, బుద్ధి అన్నిటికన్నా మందగించేది మామూలుగా తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య. మూడు గంటలు వెనక్కు జరిగినవాడికి ఆ ఘట్టం ఏడెనిమిది గంటలకు వస్తుంది. పరీక్ష తొమ్మిదిన్నరకైతే ఏమవుతుందో మీరే చూసుకోండి.

ఈ మాటకు తోబుట్టువులు కూడా ఉన్నాయి. ‘సర్కాన్యువల్’ అంటే సుమారు ఏడాది పట్టేది. కొన్ని ఉడుత జాతులు ఋతువులే తెలియని గదిలో ఉంచినా ఏటేటా శీతనిద్రకు సిద్ధమవుతాయి. ‘సర్కాటైడల్’ అంటే ఆటుపోట్ల లెక్క, సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఒడ్డున తిరిగే కొన్ని పీతలకు ఇది ఉంటుంది. ‘అల్ట్రాడియన్’, ‘ఇన్‌ఫ్రాడియన్’ అని మరో రెండున్నాయి. వీటి దగ్గర కాలు జారకండి. ‘అల్ట్రా’ అన్నారు గదా అని రోజు కన్నా పెద్దదనుకుంటాం. కాదు, చిన్నది. రోజుకు ఎన్నిసార్లు వస్తుందన్న లెక్కలో పైన ఉన్నదని వాళ్ళ భావం. నిద్రలో సుమారు తొంభై నిమిషాలకొకసారి తిరిగే చుట్టు అల్ట్రాడియన్.

ద మేరాన్ చేసినది మీరూ చేసి చూడవచ్చు. రెండు కుండీలలో చింతమొక్కలు పెంచండి. నాలుగైదు జతల ఆకులు వచ్చాక ఒకటి ఆరుబయట ఉంచి, రెండోదాన్ని సాయంత్రం వెలుతురు చొరని అలమరలో పెట్టండి. టార్చికి ఆకుపచ్చ గ్లాసుకాగితం రెండు మడతలు చుట్టి, తెల్లవారుజాము నుంచి రెండు గంటలకొకసారి ఒక్క క్షణం చూసి, ఆకులు విచ్చుకున్నదీ ముడుచుకున్నదీ రెండు మొక్కలకూ పక్కపక్కనే రాసుకోండి. నీళ్ళు పోయడం మరవకండి, కాని రోజూ ఒకే వేళకు పోయకండి. అదే దానికి గంట కావచ్చు. మొదటి రోజుకూ రెండో రోజుకూ అలమరలోని మొక్క విచ్చుకునే వేళ ఎటు జరిగిందో చూడండి. మూడో రోజుకు కదలిక మందగిస్తుంది. గడియారం ఆగి కాదు, వెలుతురు లేక ఆహారం తయారు కాక. అప్పుడు మొక్కను తీసి బయట పెట్టేయండి.